మూడుసార్లు మోగిన కంప్యూటర్

అప్పట్లో మా సెంటినరీ కాలనీలో కంప్యూటర్ డబ్బా మూత విప్పగలిగినవాడికి దవాఖానలో డాక్టరుకున్నంత మర్యాద దొరికేది. విప్పిన మూత మళ్లీ బిగించడం వచ్చా రాదా అని ఎవరూ అడిగేవారు కాదు. నేను గోదావరిఖనిలో ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు చేసి, అక్కడే ఒక రిపేరు షాపులో కుదిరాను. (ఆరు నెలల్లో రెండు నెలలు కంప్యూటర్లు లేవు, ఒక నెల సారు లేడు. మిగిలిన మూడు నెలల్లో అబ్బినదే నా చదువు.) అయినా కాలనీ మొత్తానికి నేను 'ఇంజనీర్'ని. అలా పిలిచినవాళ్లలో సగంమంది వెక్కిరించడానికే పిలిచేవారని ఇప్పుడు తెలుస్తోంది గానీ, ఆ వయసులో నా చెవులకు ఆ తేడా వినపడేది కాదు. ఈ సంగతి ఇంతకుముందు ఒకరిద్దరికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మధ్యలో ఒక ముక్క మింగేశాను. ఈసారి మింగకుండా చెప్పాలని కూర్చున్నాను.

మా పక్క క్వార్టర్లో ఒక కాక ఉండేవాడు. మా నాయనకు దోస్తు. భూగర్భ గనిలో షాట్‌ఫైరర్‌గా, అంటే బొగ్గుకు రంధ్రాలు వేయించి, వాటిలో మందు కూరి పేల్చే పనిలో ముప్పై ఏళ్లు గడిపి రిటైరయ్యాడు. ఆ పనిలో చేతులకంటే చెవులే ముఖ్యమని అనేవాడు. పది రంధ్రాలు నింపితే పది మోతలు వినపడాలి. తొమ్మిదే వినపడితే ఒకటి మిస్‌ఫైర్ అయి, పేలకుండా లోపల కూర్చుందని అర్థం. ఇక అటు ఎవరూ అడుగు వేయకూడదు. ఈ లెక్క ఉద్యోగంతో పాటు పోలేదు. వాకిట్లో నులక మంచం మీద పడుకుని, వంటింట్లో కుక్కర్ కూతలు లెక్కపెట్టి, "మూడైనయ్, దించు" అని అక్కణ్నుంచే కేక వేసేవాడు. "నాకు తెల్వదా?" అని ఆయన భార్య, మా చిన్నమ్మ, లోపలినుంచి కసిరేది. (తెలియదు. ఆయన ఊళ్లో లేని రోజు వాళ్లింట్లో పప్పు గంజిలా ఉండేది.) అందుకే కాలనీలో ఆయన పేరు లెక్క కాక. ఆయన కొడుకు నాకు అన్న వరస. అదే బొగ్గు కంపెనీలో ఉద్యోగం, క్వార్టర్ కూడా అతని పేరు మీదే. కాలనీ పక్కనున్న ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే గనిలో, కొత్తగా బ్లాస్టింగ్ పనికి ఎక్కాడు. తన పని కొడుకు చేతికి వచ్చిందని కాక లోలోపల మురిసిపోయేవాడు. పైకి మాత్రం, "ఏం పేలుస్తడో ఏమో" అనేవాడు.

అన్న ఎవరి దగ్గరో వాడి వదిలేసిన పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి ముందు గదిలో పెట్టాడు. అందులో కాక చేసే పని ఒక్కటే, ఒంటరిగా పేకముక్కలు సర్దుకునే ఆట. ఒకరోజు ఆయన పింఛను కాగితాల పనిమీద ఏదో ఆఫీసుకు వెళ్లి, అక్కడి గుమాస్తా కంప్యూటర్ తెరమీద ఒక పచ్చగడ్డి గుట్ట, పైన నీలం ఆకాశం, తెల్ల మబ్బులు చూసి వచ్చాడు. ఆ సాయంత్రమే నన్ను పిలిపించాడు.

"గా పచ్చ గుట్ట మన దాంట్ల రాదా కొడుకా? ముప్పై ఏండ్లు నల్లగనే చూసిన. పేక ఆడేటప్పుడన్న ఎనుక పచ్చగ ఉంటె మంచిగుంటది."

"అది విండోస్ ఎక్స్‌పీల ఉంటది కాకా. మీది తొంభై ఎనిమిది. సిస్టమ్ మొత్తం మార్చాలె."

"గంత పనా? ఒద్దు తియ్. ఉన్నది ఖరాబైతదేమో."

"నేనున్న గద!" అన్నాను.

(ఈ "నేనున్న గద" అన్న మాట నా నోటి నుంచి వచ్చిన ఏ సందర్భమూ బాగా ముగియలేదు.)

ఆ ఆదివారం షాపు నుంచి సీడీ పట్టుకుని వెళ్లాను. ఆదివారం గనికి సెలవు. సైరన్ ఉండదు, బ్లాస్టింగ్ ఉండదు, కాలనీ అంతా మసాలా వాసన తప్ప ఇంకేమీ ఉండదు. కంప్యూటర్ ఆన్ చేయగానే ఎప్పటిలాగే 'కీ'మని ఒకసారి మోగింది, అంటే లోపల అంతా బాగున్నట్టే. సీడీ పెట్టాను. ఇంకా ముప్పై తొమ్మిది నిమిషాలు పడుతుందని తెరమీద వచ్చింది. గంట తర్వాత కూడా ముప్పై తొమ్మిది నిమిషాలే ఉంది. చిన్నమ్మ రెండుసార్లు చాయ్ ఇచ్చింది, తర్వాత అన్నం పెట్టింది. అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి పచ్చ గుట్ట వచ్చేసింది! కాక లేచి వచ్చి తెర ముందు నిలబడి, "అబ్బా" అన్నాడు. అంతే అన్నాడు గానీ, ఆ ముఖం చూస్తే గుట్టను నేనే మోసుకొచ్చి అక్కడ పెట్టినట్టు నాకు అనిపించింది. ఆయన మౌస్ పట్టుకుని కదిపాడు. తెరమీద బాణం కాసేపు ఆలోచించుకుని తర్వాత కదిలింది. పేకముక్క పట్టుకుని పక్కన పెడితే, అది అక్కడికి చేరేలోపు మనం ఇంకో పని చూసుకుని రావచ్చు. పాత మిషన్‌కు కొత్త సిస్టమ్ బరువైపోయింది. అది ముందే చూసుకోవాలన్న పాఠం, ఆ సారు లేని నెలలో ఉండి ఉంటుంది.

అక్కడితో ఆగి, "కాకా, దీనికి ఇది తగదు, పాతదే పెడత" అని ఉంటే ఈ కథ లేదు. కానీ ఇంజనీర్ ఆగుతాడా? సంచిలో షాపుది ఒక పాత ర్యామ్ ముక్క ఉంది. ర్యామ్ పెంచితే వేగం పెరుగుతుందని మూత విప్పాను. కరెంటు తీయాలన్నది మొదటి పాఠం. హడావిడిలో అది మరిచి, ముక్కను తిరగేసి పెట్టి, దిగడం లేదని బొటనవేలితో బలంగా నొక్కాను. 'టక్'మని ఏదో విరిగింది. తెర నల్లబడింది. ఆపి మళ్లీ వేస్తే కీ, కీ, కీ అని మూడుసార్లు మోగి ఊరుకుంది.

వాకిట్లోంచి కాక గొంతు వచ్చింది. "ఏందిరా, పొద్దుగాల ఒకటే మోగె. ఇప్పుడు మూడు మోగవట్టె?"

"కొత్త సిస్టమ్ గట్లనే మోగుతది కాకా!"

ముక్కలు బయటికి తీసి, వాటి పళ్లను రబ్బరుతో రుద్దాను. (చదువుకునే రోజుల్లో నోట్‌బుక్కుల్లో తప్పులన్నీ ఆ రబ్బరుతోనే తుడిచాను. ఇది తుడుచుకుపోలేదు.) మళ్లీ మూడే. చివరికి మూత బిగించి, "లోపల సర్దుకుంటుంది కాకా, రేపు సాయంత్రం దాక ముట్టకు" అని చెప్పి ఇంటికి వచ్చి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. మా అమ్మ జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

సోమవారం మధ్యాహ్నం ఎప్పటిలాగే సైరన్ కూసింది, బ్లాస్టింగ్ అయింది, కాలనీలో గిన్నెలన్నీ ఒకసారి గలగలమన్నాయి. ఆ గలగలలో నాకు దారి దొరికింది. సాయంత్రం వెళ్లి, కంప్యూటర్ ముందు కూర్చుని, డాక్టర్లు చేసినట్టు తల అటూ ఇటూ ఊపి, "బ్లాస్టింగ్ కాకా. అదురుకు లోపలి ముక్క కదిలిపోయింది" అన్నాను. కాక నా వైపు చూశాడు. నేను గోడ మీది పగులు వైపు చూశాను. "గట్లనా?" అని మంచం మీదికి పోయాడు.

ఆ అబద్ధం ఆ గదిలోనే ఉంటుందనుకున్నాను. కానీ గుమ్మం దగ్గర ఎదురింటి అవ్వ నిలబడి ఉంది. "గందుకేనా మా టీవీల గీతలు వస్తున్నయ్!" అంది. మర్నాటికి ఒకరి ఫ్రిజ్, ఒకరి మిక్సీ, ఒకరి గోడ గడియారం బ్లాస్టింగ్ వల్లే పాడయ్యాయని తేలింది. మందు ఎక్కువ కూరుతున్నారని మాట పుట్టింది. ఎవరు కూరుతున్నారు? కొత్తగా వచ్చిన లెక్క కాక కొడుకు. "కన్నతండ్రి కంప్యూటర్‌నే ఆగం చేసిండట" అని నీళ్ల నల్లాల దగ్గర చెప్పుకున్నారు. మూడో రోజుకు కంపెనీ ఆఫీసుకు దరఖాస్తు పోయింది. అందులో మొదటి సంతకం నాది. అవ్వ పట్టుబట్టి, "నువ్వు ఇంజనీర్‌వు గదరా, నీదే ముందుండాలె" అని పెట్టించింది. ఇన్నాళ్లూ నేను మింగేస్తూ వచ్చిన ముక్క అదే. అన్న మీద పోయిన కాగితం మీద మొదటి పేరు నాది. సంతకం మాత్రం చక్కగానే వచ్చింది.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన అన్న వాకిట్లో బూట్లు విప్పుకుంటూ కాకతో అంటున్నాడు. "ఆఫీసర్ వచ్చి కొలుస్తడట నాయనా. ఎక్కువ చూపిస్తే నన్ను బ్లాస్టింగ్ నుంచి తీసేస్తరు." కాక, "రానీ" అన్నాడు. నేను గోడ ఇవతల నిలబడి విన్నాను. పోయి చెప్పేద్దామని చెప్పులు కూడా వేసుకున్నాను. తర్వాత విప్పేశాను.

రెండు రోజుల తర్వాత ఆఫీసర్ అదురు కొలిచే మిషన్ తెచ్చి, కాక వాకిట్లో బండమీద పెట్టాడు. వీధంతా చేరింది. సైరన్ కూసింది. గనిలో అన్న పేల్చాడు. గిన్నెలు గలగలమన్నాయి. కాక కళ్లు మూసుకుని వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. ఆఫీసర్ మిషన్‌లో అంకె చూసి, "ఇది ఉండదగ్గ హద్దులో సగం కూడా లేదు. దీనికి కంప్యూటర్ పాడవదే! ఎవరు చెప్పారు?" అన్నాడు. వీధంతా పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది. జీవితంలో నాకు అంత మర్యాద మళ్లీ జరగలేదు.

"ఏది బాబూ, ఏ పార్టు కదిలిందో విప్పి చూపించు."

విప్పాను. వంకరగా కూర్చున్న ముక్క, విరిగిన క్లిప్పు అందరికీ కనపడుతున్నాయి. అవి చూడటానికి కోర్సు అక్కర్లేదు.

"ఇది అదురుకు విరగలేదే. ఎప్పుడు పాడైంది?"

కాక వైపు చూశాను. ఆయన ముఖంలో కోపం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"నేనే సార్" అన్నాను. ఎంత మెల్లగా అన్నానంటే, వెనకనుంచి అవ్వ "ఏమన్నడు? ఏమన్నడు?" అని అడిగింది. అందుకని మళ్లీ గట్టిగా అనవలసి వచ్చింది. "నేనే పాడు చేసిన. ఆదివారం నాడు. బ్లాస్టింగ్ లేని నాడు. అన్న తప్పేం లేదు."

వెంటనే అవ్వ, "మరి నా టీవీ?" అంది. వీధంతా నవ్వింది. ఆఫీసర్ కూడా నవ్వి, దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నవ్వనిది నేనూ కాకా మాత్రమే. సిగ్గుతో చెవులు వేడెక్కడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

అందరూ పోయాక మంచం దగ్గర నిలబడి, "నీకు ముందే తెలుసా కాకా?" అని అడిగాను.

"ఆదివారం మూడు మోగినప్పుడే తెలిసింది."

"మరి అడగకపోతివి?"

"మిస్‌ఫైర్ అయినప్పుడు ఉరికి పోవద్దు బిడ్డా. ఆగాలె. నీ అంతట నువ్వే చెప్తవని ఆగిన."

"అన్న పని పోతుండె గదా?"

"వాని సంగతి గా మిషన్ చెప్తదని నాకు తెల్వదా? వాడు మంచిగనే పేలుస్తడు." ఆ మాట కొడుకు గురించి ఆయన పైకి అనడం నేను వినడం అదే మొదలు. "ఫికర్ వాని గురించి కాదు. నీ గురించే ఉండె."

అప్పుడు ఏడ్చాను. పంతొమ్మిదేళ్లవాణ్ని, ఇంజనీర్‌ని, నులక మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. చిన్నమ్మ చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. డ్యూటీ దిగి వచ్చిన అన్నకు ఎవరో దారిలోనే చెప్పినట్టున్నారు. నన్ను చూసి, "మొదటి సంతకం నీదే పెట్టినవ్ గదరా తమ్మీ" అన్నాడు. ఆ తర్వాత ఒక నెల దాకా నాతో మాట్లాడలేదు.

కంప్యూటర్‌ను షాపుకు మోసుకెళ్లి, మా షాపు సారు కాళ్లావేళ్లా పడి బాగు చేయించాను. విరిగిన చోటు వదిలేసి, దాని పాత ముక్కను పక్క చోట పెట్టి, పాత సిస్టమే మళ్లీ ఎక్కించాడు. తీసుకెళ్లబోతుంటే, "ఇంతకీ మార్చడమెందుకురా?" అన్నాడు సారు. పచ్చ గుట్ట కోసమని చెప్పాను. ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, ఆ బొమ్మ ఒక్కటీ సీడీలో వేసి, పాత సిస్టమ్ తెరమీద వెనుక బొమ్మగా పెట్టి ఇచ్చాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కాక అడిగింది మొదటినుంచీ ఆ బొమ్మ ఒక్కటే.

ఇప్పుడు నేను నిజంగానే కంప్యూటర్ల మధ్య బతుకుతున్నాను. ఎవరింటికి వెళ్లినా మిషన్ ఆన్ చేయగానే నా వేళ్లు వాటంతటవే లెక్కపెడతాయి. కాక ఇంకా అదే మంచం మీద ఉన్నాడు, చెవులు మాత్రం కాస్త మందగించాయి. అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "ఎన్ని మోగుతున్నయిరా ఇంజనీర్?" అని అడుగుతాడు. "ఒకటే కాకా" అంటాను. కొన్నిసార్లు అది నిజం కాదు. అలాంటప్పుడు అవతల ఆయన ఆగుతాడు. ఫోన్‌లో కుక్కర్ కూత ఒకటి వినపడుతుంది, ఇంకొకటి వినపడుతుంది. మూడోది వచ్చేలోపు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.