పాట కింద పోయిన గొంతు

మా మేనత్త పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. ఆ రోజు పొద్దున్నే కొట్టు తాళాలు చేతిలోకి తీసుకుని, బయల్దేరే ముందు ఒక్క నిమిషమని కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

గవర్నర్‌పేటలో ఆవిడ చేనేత చీరల కొట్టు మీలో కొందరికి తెలుసు. కొట్టు ఎక్కడో తెలియకుండానే ఫోనులో పేజీ చూసి చీరలు తెప్పించుకున్నవాళ్ళు ఇంకా ఎక్కువ. ఆ పేజీ నడిపేది నేనే. ఆవిడ పోయిన కబురుతో పాటు ఆవిడ మాట్లాడుతున్న వీడియో ఒకటి పెడదామని వెతికాను. మూడేళ్ళ వీడియోల్లో ఒక్కటీ దొరకలేదు. అన్నిట్లోనూ ఆవిడ చేతులున్నాయి, గొంతు లేదు. దానికి కారణం నేనే. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

కొట్టుకి బేరాలు పడిపోయి, మూసేద్దామా అని ఆవిడ తర్జనభర్జన పడుతున్న రోజుల్లో పేజీ పెడదామని నేనే పోరు పెట్టాను. కొట్టు మూస్తే ఉయ్యూరు అవతల ఆవిడకి చీరలు నేసిచ్చే నాలుగు మగ్గాలూ ఆగిపోతాయని ఆవిడ బెంగ. అందుకని ఒప్పుకుంది. ఒప్పుకుందన్న మాటే గానీ, ఫోను ముందు ఆవిడతో వేగేసరికి నా తలప్రాణం తోకకొచ్చేది.

నేను అర నిమిషం చాలంటాను. ఆవిడేమో కొట్టులోకి మనిషి వచ్చినట్టే మొదలుపెట్టేది. ఎదురుగా నేనొక్కదాన్నే ఉన్నా సరే, రండి, ఎండన పడి వచ్చారు, కాస్త కూర్చోండి అనేది. చీర మొత్తం పరిచేది. అంచు తిప్పి వెనకవైపు చూపించేది. పోగు తెగి ముడేసిన చోటుంటే వేలు పెట్టి మరీ చూపించేది. మన సరుకులో లోపం మనమే చూపించుకుంటామా అని నేను కసిరితే, కోపం తెచ్చుకోలేదు.

"వాళ్ళకి పట్టుకుని చూసే వీల్లేదు కదమ్మా. వాళ్ళ చెయ్యి కూడా మనమే అవ్వాలి" అంది.

ఆ మాట అప్పట్లో నా చెవికెక్కలేదు. గంజి ఎంత పెట్టారు, రెండు ఉతుకులయ్యాక గుడ్డ ఎంత మెత్తబడుతుంది, నేసినాయన ఎంత నిదానస్తుడు అంటూ ఆవిడ చెప్పుకుపోయేవన్నీ తీసేసేదాన్ని. చేతులూ చీరా ఉంచి, ఆ వారం అందరూ పెట్టుకుంటున్న పాటేదో అతికించేదాన్ని. ఫోను నిండిపోతే అసలు వీడియోలు చెరిపేసేదాన్ని. పూర్తయింది చూపిస్తే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, రంగు బాగా వచ్చిందే అనేది. తన మాటలేమయ్యాయని ఒక్కసారి కూడా అడగలేదు.

చీరల గురించి అడిగేవాళ్ళకి జవాబులు మాత్రం ఆవిడే ఇచ్చేది. అక్షరాలు నొక్కడం రాదు కనుక లోపలి గదిలో కూర్చుని కొట్టు ఫోనులో మాట్లాడి పంపేది. ఇబ్రహీంపట్నం నుంచి ఒకావిడ రంగు పోతుందా అని ఒక్క ముక్క అడిగితే, మొదటిసారి ఉప్పునీళ్ళలో నానబెట్టడం దగ్గర్నుంచి నీడన ఆరేయడం దాకా చెప్పి, ఆఖర్న మీ అమ్మాయికి జ్వరం తగ్గిందా అని అడిగింది. ఆ జ్వరం సంగతి ఈవిడకెలా తెలిసిందో దేవుడికెరుక. కొట్టు నిలబడింది, మగ్గాలు ఇప్పటికీ ఆడుతున్నాయి. అదంతా నా పాటల మహిమే అనుకుని విర్రవీగాను. మళ్ళీ మళ్ళీ కొన్నవాళ్ళు ఆ మాటలు విన్నవాళ్ళేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఫోను కూడా వేసవిలో పాడైపోయింది. అందులోవేవీ దాచలేదు. అందుకే సిగ్గు విడిచి పేజీలో అడిగాను, ఆవిడ గొంతు మీ దగ్గరెక్కడైనా ఉంటే పంపమని. సాయంత్రానికల్లా వరసగా రావడం మొదలైంది. పంపిన ప్రతి ఒక్కరికీ నా నమస్కారాలు. మీ మేలు మర్చిపోలేను.

కొట్టులో కూర్చుని, ఆవిడ ఆఖరున తెప్పించిన చీరలు సర్దుతూ ఒక్కొక్కటీ విన్నాను. ఉయ్యూరు నుంచి ఒకావిడ పంపినది అన్నిటికన్నా చిన్నది. వీడియోల్లో మీరు మాట్లాడరేమండీ అని తను అడిగితే వచ్చిన జవాబట.

"మాట్లాడతానండీ. మా పిల్ల దాని మీద పాట పెడుతుంది. పాటైతే నలుగురూ చూస్తారంట. ఈ కొట్టు మూతపడకూడదని అది పడే పాట్లు మీకు తెలియవు. మీకేం కావాలో నన్నిట్టా అడగండి, చెప్తాను."

వెనక ఎవరో విసుక్కుంటున్నారు, వెలుతురు పోతోంది, ఇంకా ఎంతసేపు అత్తయ్యా అని. ఆ ఎవరో నేనే. నా గొంతు అంత కటువుగా ఉంటుందని నాకు తెలియదు. ఆవిడ ఇటు తిరిగినట్టుంది, మాట కాస్త దూరంగా వినపడింది.

"వస్తున్నా, ఉండమ్మా."

అక్కడితో అయిపోయింది. సగం విప్పిన చీర ఒళ్ళో పెట్టుకుని, కొట్టు లోపలి గది గుమ్మం వైపు చూస్తూ అలాగే కూర్చుండిపోయాను.