అతుకుపని వీరవేణమ్మ గారు

వాన జల్లు కొట్టినప్పుడల్లా నా గదిలో గంజి వాసన వస్తుంది. బల్ల మీద పరిచిన లేసు గుడ్డది ఆ వాసన. ఉతికిన ప్రతిసారీ గంజి పెట్టడం నేను మానను, అందుకని కాస్త తడి తగిలితే చాలు, అన్నం వార్చిన వంటింటిలా ఉంటుంది గది. భీమవరం దగ్గర ఈ బడికి ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చి మూడేళ్ళయింది. ఈ మధ్యాహ్నం ఆ గుడ్డ మీద ఒక కాగితం ఉంది. మా ఐదో తరగతి పిల్లలందరూ తమ తెలుగు వాచకాన్ని ధారాళంగా చదవగలరని నేను సంతకం చేసి సాయంత్రంలోగా పంపాలి. పెన్ను మూత తీశాను. కిటికీ తలుపు వేసేలోగా జల్లు బల్ల మీద పడింది, ఆ వాసన లేచింది, నా చెయ్యి ఆగింది.

గుడ్డకి ఒక మూలనున్న పువ్వు మిగతావాటిలా ఉండదు. కొంచెం వంకర. గదిలోకి వచ్చినవాళ్ళు ఇదొక్కటే ఇలా ఉందేంటని అడుగుతూంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. దాని సంగతి చెప్పాలంటే ముందు వీరవేణమ్మ గారి సంగతి చెప్పాలి.

నా మొదటి ఉద్యోగం నరసాపురం దగ్గర ఒక చిన్న ఊళ్ళో. ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. హెడ్మాస్టారు గారు, నేను. రాజమండ్రిలో పుట్టి పెరిగి, ట్రైనింగులో మంచి మార్కులు తెచ్చుకుని, ఆ ఊరిని ఉద్ధరించడానికే వచ్చానన్నట్టు ఉండేదాన్ని. కోపం ముక్కు మీదే ఉండేది. ఊళ్ళో కాస్త కలిగినవాళ్ళ పిల్లలు పొద్దున్నే పసుపు పచ్చ బస్సెక్కి టౌనులో ఇంగ్లీషు మీడియం బళ్ళకు పోయేవారు. మా దగ్గర ఏటేటా పిల్లలు తగ్గిపోతున్నారు. ఈ ఏడు తనిఖీలో మా చదువులు బాగా లేవని తేలితే బడి ఎత్తేసి, కాలవ అవతల బడిలో కలిపేస్తారని అప్పటికే అనుకుంటున్నారు. అక్కడికి వెళ్ళాలంటే లారీలు తిరిగే రోడ్డు దాటాలి. ఒకటో తరగతి పిల్లను ఆ రోడ్డు మీదికి పంపే ధైర్యం ఎవరికుంటుంది? బడి పోతే చాలామంది చిన్నపిల్లలు ఇళ్ళ దగ్గరే ఉండిపోతారు.

తల్లిదండ్రుల కమిటీ అని ఒకటి ఉండేది. దాని మీటింగు మేము ఎలా జరిపేవాళ్ళమంటే, ముందు మినిట్సు పుస్తకంలో మీటింగు జరిగినట్టు రాసేసి, తర్వాత ఆ పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు, వేలిముద్రలు తెచ్చుకునేవాళ్ళం. పొద్దున్న పదింటికి మీటింగంటే ఎవరూ రారు కాబట్టి అదే పద్ధతని హెడ్మాస్టారు చెప్పారు. నాకూ సుఖంగానే అనిపించింది. అలా పుస్తకం పట్టుకుని మొదటిసారి వీరవేణమ్మ గారింటికి వెళ్ళాను. ఆవిడ కమిటీకి అధ్యక్షురాలు. మా ఐదో తరగతిలో ఉన్న దుర్గకి అమ్మమ్మ. దుర్గ తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది.

ఆవిడ అరుగు మీద కూర్చుని పని చేసుకుంటున్నారు. నేనిచ్చిన సిరాదిండు వైపు చూశారు గాని వేలు ముందుకి చాపలేదు.

"ఈ మీటింగులో నేనేం మాట్టాడానండి?" అన్నారు.

పుస్తకంలో ఉన్నది చదివాను. పాఠశాల ప్రగతి పట్ల అధ్యక్షురాలు సంతృప్తి వ్యక్తం చేశారు.

"అంటే బాగుందన్నానన్నమాట. సూడకుండానే అన్నానాండి?"

వెటకారం లేదు ఆ గొంతులో, నిజంగానే అడిగారు. నా ముఖం మాడిపోయింది. చదువు రాని మనిషి నాకు నీతులు చెప్పడమేమిటని దారంతా రుసరుసలాడుతూ వచ్చాను. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి చూస్తే ఆవిడ పది పన్నెండు మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని బడి వరండాలో దిగారు, ఎవరి దారపు ఉండ వాళ్ళ చేతిలో ఉంది. పొద్దున్న పదింటికి పొలం పనీ, వంటా వదిలి ఎవరూ రాలేరనీ, మధ్యాహ్నాలు ఎలాగూ ఎవరో ఒకరి అరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటాం కాబట్టి ఆ కూర్చునేదేదో ఇక్కడే కూర్చుంటామనీ చెప్పారు. హెడ్మాస్టారికి నచ్చలేదు, నాకు అసలు నచ్చలేదు. పాఠం చెబుతుంటే వెనకాల అంతమంది తల్లులు కూర్చోవడం పోలీసుల కాపలాలా అనిపించింది. కాని బడి వాళ్ళది, పొమ్మని ఎలా అంటాం?

రెండు వారాలకి బడి మారడం మొదలైంది. ఎవరో ఒకావిడ పప్పు రుచి చూసి, ఉప్పు లేదని వంటావిడతో చెప్పింది. ఇంకొకావిడ దొడ్డి తలుపుకి గడియ లేదని చూసి వడ్రంగి పని చేసే మొగుణ్ణి లాక్కొచ్చింది. అప్పటిదాకా ఆ తలుపు కోసం నేను రెండు ఉత్తరాలు రాసి జవాబు కోసం ఎదురు చూస్తున్నాను. ఎవరి పిల్లడైనా రాకపోతే, పేరు పిలిచే చప్పుడు విని వరండాలోంచి ఒకరు లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. నాకు తెలియకుండానే రెండయ్యేసరికి వాళ్ళ కోసం వరండా వైపు చూడటం అలవాటైంది.

వీరవేణమ్మ గారు చేసేది అతుకుపని. మిగతావాళ్ళు లేసు పువ్వులు విడివిడిగా అల్లి ఇస్తే, ఆవిడ వాటిని ఒకదానికొకటి కలిపి పెద్ద గుడ్డ చేస్తారు. ఆ చేతిలోకి వచ్చిన ప్రతి పువ్వునూ ముందు రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగి చూసేవారు. పైకి అన్నీ ఒక్కలాగే కనిపించేవి నాకు. ఎక్కడో ఒక అల్లిక వదులైతే ఆ లాగుడికి తెలిసిపోయేది. అప్పుడావిడ కోప్పడకుండా ఆ పువ్వుని అల్లినామెకే తిరిగి ఇచ్చేసేవారు. అది ఎవరి చేతి పువ్వో అడగనక్కర్లేదు, ఆవిడకి తెలుసు.

డిసెంబరులో తనిఖీకి మండల విద్యాధికారి గారు వస్తారని కబురొచ్చింది. ఐదో తరగతి పిల్లల్ని నేనే తయారు చేశాను. వాచకంలో నాలుగు పాఠాలు రోజూ గట్టిగా చదివించాను. దుర్గయితే ఎక్కడా ఆగకుండా గలగలా చదివేది. రాత్రి తల్లి ఫోను చేస్తే ఆ పాఠం చదివి వినిపిస్తుందనీ, అక్కడ తల్లి సంతోషంతో ఏడుస్తుందనీ వీరవేణమ్మ గారు నాతో చెప్పుకున్నారు. ఆ మాట విని నేను వారం రోజులు గాల్లో నడిచాను.

తనిఖీకి పన్నెండు రోజులుందనగా, బడి వదిలాక ఆవిడ ఒక్కరే ఆగారు. ఆడవాళ్ళంతా వెళ్ళేదాకా ఆగి, నా దగ్గరికొచ్చి నేల మీద కూర్చున్నారు. నేను కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీరేం అనుకోపోతే ఒక మాటండి. మా పిల్లకి సదవటం రాదండి."

నేను నవ్వాను. దుర్గకే రాకపోతే ఇంకెవరికొస్తుందన్నాను. ఆవిడ నిదానంగా చెప్పుకొచ్చారు. ముందు రోజు సాయంత్రం పిల్ల అరుగు మీద పుస్తకం పెట్టుకుని చదువుతూంటే గాలికి పేజీ తిరిగిపోయిందట. పిల్ల చదువు మాత్రం ఆగలేదట. అక్షరం ముక్క రాని ఆవిడకి ఆ ఒక్కటీ చాలింది. పేజీ మధ్యలో వేలు పెట్టి ఇక్కడి నుంచి చదవమంటే దుర్గ మళ్ళీ మొదటి నుంచే ఎత్తుకుందట. రెండోసారి అడిగితే ఏడ్చేసిందట.

మర్నాడు ఒక్కొక్కరినీ పిలిచి మధ్యలో వేలు పెట్టి చదవమన్నాను. ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ కంఠస్థం పట్టినవాళ్ళే. గుణింతాలు కొన్ని వచ్చు, వత్తులు రావు. అన్ని నెలలుగా నేను విన్నది నా గొంతే, పిల్లల నోట్లోంచి. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా నా తెలివి ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నం వీరవేణమ్మ గారితో అన్నాను, ఈ పది రోజులూ ఇలాగే చదివిద్దాం, తనిఖీ అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి నేర్పుతాను, ఇప్పుడు అక్షరాల దగ్గర కూర్చోబెడితే ఆయన ముందు తడుముకుంటారు, బడి పోతుంది అని.

ఆవిడ ఒళ్ళో ఉన్న పువ్వుని రెండు వేళ్ళతో పట్టి లాగి చూశారు.

"పైకి బాగున్న పువ్వు ఉతుక్కి ఊడిపోద్దండి. ఎక్కడ తప్పిందో అక్కడిదాకా ఇప్పుకుని మళ్ళీ అల్లుకోవాలి. ఇంకో దారి లేదండి," అన్నారు. తర్వాత తలెత్తి, "బడి ఉండాలని నాకూ ఉందండి. కానీ దాని తల్లి అక్కడ ఊళ్ళోవాళ్ళ అంట్లు తోముతుంది దీనికి సదువొస్తదని. దానికి నేనేం సెప్పమంటారు?"

ఆ రాత్రే ఆవిడ కూతురికి ఫోనులో ఉన్నదున్నట్టు చెప్పేశారు. తల్లి ఆ రోజు కూడా ఏడ్చిందట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకోవడం మొదటిసారి చూశాను. తప్పు చేసింది నేను, దెబ్బ తగిలింది వాళ్ళకి.

మర్నాటి నుంచి విప్పడం మొదలుపెట్టాం. హెడ్మాస్టారు కొంప ముంచుతున్నావమ్మా అన్నారు గాని, రెండో రోజుకి ఆయనే గుణింతాల చార్టు గోడకి కొట్టారు. మధ్యాహ్నాలు వరండాలో ఒక్కొక్క ఆడమనిషి పక్కన ఒక్కొక్క పిల్లనో పిల్లాణ్ణో కూర్చోబెట్టేవాళ్ళం. దారపు ఉండ మీది చీటీ, కరెంటు బిల్లు, పెళ్ళి శుభలేఖ, ఏది దొరికితే అది చదవాలి. పక్కనున్నామెకి అక్షరాలు రావు, అయినా కాగితం మధ్యలో వేలు పెట్టి "ఇక్కడ్నించి" అనేది. చదువుతున్నదో, గుర్తు చేసుకుంటున్నదో గొంతును బట్టే వాళ్ళకి తెలిసిపోయేది. తప్పు దొరికితే నవ్వుకునేవారు, పిల్లలూ నవ్వేవారు. ఆ పది రోజుల్లో నేను నేర్చుకున్నంత ట్రైనింగులో రెండేళ్ళు కూర్చున్నా నేర్చుకోలేదు.

అధికారి గారు వచ్చిన రోజు దుర్గనే లేపారు. దుర్గ వేలు పెట్టుకుని చదివింది. ఒక వత్తు దగ్గర ఆగింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ ఆగింది. ఆయన నుదురు ముడిపడింది. వరండాలో సూదులన్నీ ఆగిపోయాయి. ఇక దాచడం నా వల్ల కాలేదు. పిల్లలకి పాఠాలు బట్టీ పట్టించానని, అది తప్పని తెలిసి పది రోజులుగా మొదటి నుంచి నేర్పుతున్నామని చెప్పేశాను. హెడ్మాస్టారు గోడ వైపు తిరిగారు. అధికారి గారు పుస్తకం తీసుకుని, మేము ఇంకా చెప్పని పాఠం ఒకటి తెరిచి దుర్గకి ఇచ్చారు. దుర్గ నత్తనడకగా, చెమటలు కక్కుతూ నాలుగు వాక్యాలు చదివింది. నాలుగూ తనే చదివింది. ఆయన వరండా వైపు చూసి, వీళ్ళెవరని అడిగారు. కమిటీ అండి, మీటింగులో ఉన్నారు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి వాళ్ళకి నమస్కారం పెట్టారు.

ఆ ఏడు బడి ఎత్తెయ్యలేదు. అది మా వల్లేనని చెప్పుకోవాలని ఉంటుంది గాని, ఆయన ఏం రాసుకుని వెళ్ళారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం మినిట్సు రాసి వీరవేణమ్మ గారి ముందు పెట్టాను. పిల్లలు తడుముకుంటూ చదివారని రాశారా అని అడిగారు. రాశానన్నాను. ఏదీ ఆ ముక్క చదవండి అన్నారు. చదివాను. అప్పుడు సిరాదిండు మీద వేలు అద్ది ముద్ర వేశారు.

ఆ తర్వాత నేను అక్కడ ఉన్న నాలుగేళ్ళూ ఆ వరండా ఖాళీగా లేదు. ఒక వేసవిలో నాకూ లేసు నేర్పబోయారు. నేను అల్లిన పువ్వుని ఆవిడ రెండు వేళ్ళతో లాగితే పోగులు పోగులుగా వచ్చేసింది. మూడుసార్లు విప్పించారు. నాలుగోసారి లాగి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టుకున్నారు. బదిలీ అయి వచ్చేసేటప్పుడు ఈ గుడ్డ చేతిలో పెట్టారు. ఊరి ఆడవాళ్ళందరి పువ్వులూ ఉన్నాయి, మూలన వంకరగా ఉన్నది నాది. ఎన్ని ఉతుకులు పడినా ఊడలేదు. నిరుడు ఆవిడ పోయారని దుర్గ ఉత్తరం రాసింది. ఫోను చెయ్యొచ్చు గదా, ఉత్తరమే రాసింది. అందులో ఒక్క వత్తు తప్పు లేదు. ఆ ఉత్తరం పట్టుకుని ఈ బల్ల దగ్గరే ఏడ్చాను.

పెన్ను మూత పెట్టేశాను. కాగితం మడిచి చేత్తో పట్టుకుని ఐదో తరగతి గదికి వెళ్ళాను. ఈ ఏడే ఉద్యోగంలో చేరిన కొత్త టీచరమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. పిల్లలు పాఠం గలగలా చదువుతున్నారు, వినడానికి ఎంతో బాగుంది. ముందు బెంచీలో పిల్లాడి పుస్తకం తీసుకుని, పేజీ మధ్యలో బొటనవేలు పెట్టి, ఇక్కడి నుంచి చదువు నాన్నా అన్నాను. వాడు నా వేలి వైపు చూశాడు, టీచరమ్మ వైపు చూశాడు, మెల్లగా పాఠం మొదటి వాక్యం ఎత్తుకున్నాడు. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు.

కాగితం చూపించి, ఇది ఇవాళ పంపడం లేదమ్మా అన్నాను. పై నుంచి అడిగితే కారణం నేను రాస్తానన్నాను. తర్వాత వాడి పక్కన బెంచీ మీద కాస్త చోటు చేసుకుని కూర్చున్నాను.

"నువ్వూ రా అమ్మా, కూర్చో," అన్నాను. "ఎక్కడిదాకా విప్పాలో చూద్దాం."