విప్పి కుట్టిన అంచు

కోహ్కా బజారులో జోగమ్మ కూరల కంటే ముందు ఆడపిల్లల గౌన్ల అంచులు చూస్తుంది. సంచి చంకన ఇరికించుకుని, వంగి, దారం ఏ రంగో, కుట్టు ఎలా తిరిగిందో మరీ మరీ చూస్తుంది. తల్లులు పిల్లల్ని దగ్గరకు లాక్కుంటారు. కూరలబ్బాయి మాత్రం అలవాటుపడి, "దీదీ, టమాటాలు కూడా చూడండి," అంటాడు. ఆమె నవ్వదు, కోప్పడదు. రెండేళ్ల కిందట ఇంటి ముందు ఆడుకుంటూ మాయమైన కూతురు సత్యశ్రీకి ఆ రోజు ఒంటిమీదున్న గౌను, మొన్న చలికాలంలో కుమ్హారి రైలు స్టేషన్లో బెంచీ కింద దొరికింది. పెరిగే పిల్ల కదా అని జోగమ్మే అంచు లోపలికి బాగా మడిచి కుట్టిన గౌను అది. ఇప్పుడా మడత విప్పి, పొడుగు చేసి, ఎవరో సన్నని కుట్టు వేశారు. పిల్ల ఎక్కడో పెరుగుతోందన్నమాట. ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది పోలీసులకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఈ మధ్య ఒకరోజు పొరుగింటి భాగ్యరేఖ బజారులో ఆమెను చూసి ఉండబట్టలేకపోయింది.

"ఇంకా ఆ కుట్టే ఎతుకుతన్నావేటప్పా? ఎవత్తో గానీ, దాని చేతులు పడిపోనూ!"

జోగమ్మ గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అలాగనకే, తల్లీ. ఆ చేతుల్తోటే కదేటి మా పిల్ల అన్నం తింటంది."