ఉడికిన పెసల ఫ్లాస్కు

కొవిడ్ తర్వాత బడులు తెరిచిన రెండో జూన్‌లో, సూరత్‌లో వడోద్ దగ్గరి ఒక తెలుగు మాధ్యమ ఉన్నత పాఠశాలలో నేను ప్రవాసీ శిక్షక్‌గా చేరాను. అంటే పీరియడ్ లెక్కన జీతమిచ్చే తాత్కాలిక టీచర్‌ని. ఆ ఉద్యోగం ఏడాదే సాగింది. ఇప్పుడు ఇంట్లో చంటిపాపతో ఉన్నాను.

పక్క సెక్షన్‌కు జీవశాస్త్రం చెప్పేది స్వప్న. సూరత్‌లోనే, అమ్రోలిలో పెరిగింది. తండ్రి సాంచెల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవాడు. డిగ్రీలో మార్కులు నావే ఎక్కువ. పిల్లలు మాత్రం ఆమె వెంటే తిరిగేవారు. కణ శ్వాసక్రియ పాఠాన్ని నేను బోర్డు నిండా సమీకరణాలతో చెప్పాను. ఆమె గొంతు గోడ దాటి వినిపించింది: "సాంచెకు కరెంటెట్లనో, కణానికి ఏటీపీ గట్లరా! మీరు పొద్దుగాల తిన్న రొట్టెల గ్లూకోజుంటది. దాన్ని కణం ఆక్సిజన్‌తోని మెల్లమెల్లగ ఇరగ్గొట్టి గా కరెంటు తీస్తది." నా తరగతి పిల్లలు నా బోర్డు వదిలి అటు చెవి పెట్టారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఫిబ్రవరిలో ఆచార్య, అంటే మా ప్రధానోపాధ్యాయుడు, వచ్చే ఏడు మా ఇద్దరిలో ఒకరినే ఉంచుతామని, ఇన్‌స్పెక్షన్ చూసి తేలుస్తామని చెప్పారు. చెరొక ప్రయోగం చూపాలి. నాది ఊదిన గాలికి సున్నపు తేట తెల్లబడడం. స్వప్నది మొలకల వేడి.

మొలకెత్తే గింజల్లో కణాలు గ్లూకోజ్‌ను విడగొట్టినప్పుడు శక్తిలో కొంత ఏటీపీలో చేరుతుంది, మిగతాది వేడిగా పోతుంది. ఆ వేడిని పట్టడానికి రెండు థర్మోస్ ఫ్లాస్కులు కావాలి. ఒకదాంట్లో మొలకలు, రెండోదాంట్లో ఉడికించి చల్లార్చిన గింజలు వేసి, దూది బిరడాలోంచి థర్మామీటర్లు దించుతారు. ఉడికినవి చచ్చిన గింజలు గనక వేడెక్కకూడదు. అయితే వాటిని ముందుగా క్రిమినాశక మందుతో కడగాలి.

స్వప్న శనివారం ఫ్లాస్కులు నింపుతుంటే పక్కనే ఉన్నాను. ఆమె కడగలేదు.

"అక్కా, జర సూడవా. ఏమన్న మరిసిన్నా?"

"అన్నీ సరిగానే ఉన్నాయి" అన్నాను.

మంగళవారం ఇన్‌స్పెక్టర్ వచ్చారు. ఆయనకు తెలుగు రాదు. ఆచార్య గుజరాతీలో చెబుతూ వచ్చారు. నా సున్నపు తేట చక్కగా తెల్లబడింది. ఆయన తలాడించారు. తర్వాత స్వప్న ఫ్లాస్కులు. మొలకలు ముప్పై నాలుగు డిగ్రీలు. ఉడికినవి ముప్పై రెండు. గది ఇరవై ఎనిమిదే.

లావణ్య అనే అమ్మాయి లేచింది. "టీచర్, సచ్చినయ్ గరమెట్లయినయ్?"

స్వప్న ముఖం పాలిపోయింది. నాకు లోపల హాయిగా అనిపించింది. ఆమె ఉడికిన గింజల ఫ్లాస్కు దూది తీసి వాసన చూసి, దాన్ని లావణ్య ముక్కు దగ్గర పెట్టింది.

"ఛీ, పాసిన బువ్వ లెక్కుంది!"

"మరి గింజలు సచ్చె. గీ వేడి ఎవరిది?"

లావణ్య ఫ్లాస్కులోకి తొంగి చూసింది. "బ్యాక్టీరియాది టీచర్! గింజలను తినుకుంట అవి బతుకుతున్నయ్!"

తరగతి చప్పట్లు కొట్టింది. ఆచార్య అనువదించేలోపే ఇన్‌స్పెక్టర్ నవ్వి, నోటుబుక్కు తీసి చాలాసేపు రాసుకున్నారు.

సాయంత్రం స్వప్న ఫ్లాస్కులు కడుగుతూ అడిగింది. "మందుతోని కడుగుడు మరిసిన. నువ్వు సూసినవ్ గదక్కా?"

"చూశాను."

"అడిగిన గద మరి" అని నీళ్లు పారబోసింది. ఆ తర్వాత నన్ను ఏదీ చూడమని అడగలేదు.

ఆ పోస్టు ఆమెకే వచ్చింది. ఇప్పటికీ అక్కడే చెబుతోంది. ఆ దారిన వెళ్లినప్పుడు ఆమె గొంతు వినిపిస్తే నాకు ఇంకా కడుపు మండుతుంది. ఆ మంట పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఒకటే: ప్రయోగాన్ని సరిచూడమని ఎవరు అడిగినా, వాళ్లు మనకు నచ్చినా నచ్చకపోయినా, చూసింది చెప్పాలి. పాప ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, గాభరాగా గంటకోసారి థర్మామీటర్ పెడతాను. డాక్టరు అడిగితే అందులో ఉన్న అంకెనే చెబుతాను.