ఊది చూపించే అన్న

జర దగ్గరికి జరిగి కూసోండ్రి, ఒక మంచి మనిషి ముచ్చట చెప్త.

మేం నాచారంల కిరాయికి ఉన్నప్పుడు ఫ్యాక్టరీల పనిజేసే ఒక అన్న చందాకు వచ్చేటోడు. ఆయనకు ఎంఎస్ అని నరాల జబ్బు. గా జబ్బోళ్లను సూసుకునేతందుకు, దాని మీద పరిశోధన జేసేతందుకు ఉప్పల్‌ల ఒక దవాఖానా కట్టాల్నని తిరుగుతుండె. ఎండ తగిలితే ఆ జబ్బు ఎక్కువై ఆయన కాళ్లు తడబడేటివి, మాట ముద్దగొచ్చేది. తాగి వచ్చిండని గల్లంత తలుపులు ఏసుకున్నరు.

మా అత్త వాకిట్లనే నిలవెట్టింది. "మిట్ట మధ్యాహ్నం ఏసుకొచ్చినవా బిడ్డా? ఏదీ, ఊదు!"

నాకు సిగ్గుతోని పానం పోయింది. ఆయన మాత్రం వంగి గట్టిగ ఊదిండు.

"ఏం వాసనొచ్చిందమ్మా?"

"ఉల్లిగడ్డ."

"బజ్జీలు తిన్న. అది గూడ తప్పేనా?"

ముగ్గురం పడి పడి నవ్వినం. అత్త ఆయనను కూసోవెట్టి, జబ్బు సంగతంత విని, చందా ఇచ్చింది.

గప్పటి సంది ఆయన ఏ ఇంటికి పోయినా ముందు ఊదుడే. "వాసన సూడక్కా, తర్వాత చందా!" నవ్వినోళ్లు ఇగ తలుపెట్ల ఏస్తరు?

చిల్కానగర్‌ల ఒకామె మాత్రం నవ్వలేదట. "మా ఆయన గూడ తాగకుంటనే గిట్ల తూలుతడన్నా. తాగుబోతని పనిల నుంచి తీసేసిన్రు" అని ఏడ్చిందట. అన్న ఆ ఇంట్ల చందా అడగలే. "దవాఖానా తెరిచిన నాడు డాక్టరును సూసే మొదటి చీటీ మీ ఆయనకే" అన్నడు.

దవాఖానా లేసినంక గట్లనే ఇప్పిచ్చిండు.

మీ ఇల్లు సల్లగుండాలె, మీ వాకిట్ల ఎప్పుడూ నవ్వులే ఇనవడాలె.