పసుపు పూసిన బ్యాటరీ పెట్టె

మే చివర్లో ఆదిలాబాద్ ప్రయాణమంటే ఎండకు జడిసి ఎవరైనా వాయిదా వేస్తారు. నాకు ఆ వీలు లేదు. విమానాల ఇంజన్లను పరీక్షించి, ఎగరడానికి పనికొస్తాయో లేదో తేల్చడం నా ఉద్యోగం. అక్కడొక చిన్న కంపెనీ కరెంటుతో నడిచే విమానం తయారు చేసింది. వాగులు పొంగి దారులు తెగే జైనూర్ గూడేలకు మందులు చేర్చాలని, రోగులను తేవాలని వాళ్ల ఆశ. నేను సరేనంటే ఈ వానలకే ఎగురుతుంది.

పొద్దున ఆరు దాటాక కరీంనగర్‌లో బస్సెక్కి లక్సెట్టిపేటలో మారాను. వెళ్లేవాళ్లకు ఒక మాట: జన్నారం రాకముందే కిటికీ సీటు సంపాదించండి, ఆ తర్వాత అంతా అడవే. పక్క సీటాయన నా పని విని నవ్వాడు.

"మా తమ్ముని బ్యాటరీ బండి ఇంటి ముంగటనే కాలిపోయింది సారూ. జర మంచిగ చూడుండ్రి."

నా భయమూ అదే. చమురు ఇంజన్లకు ఏళ్ల తరబడి కుదురుకున్న నిబంధనలున్నాయి. బ్యాటరీలకు ఇప్పుడిప్పుడే రాస్తున్నారు, హైడ్రోజన్ ఇంజన్ల సంగతి ఇంకా వెనకే ఉంది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిమిర్చి దంచి చేసిన ఠేచా తిని కంపెనీ షెడ్డుకు చేరాను. పరీక్ష ఇదీ: బ్యాటరీ పెట్టెలో ఒక సెల్లును కావాలని మండిస్తాం. మంట పక్క సెల్లుకు అంటకూడదు. పొగ, వెనకనున్న పల్చటి పొరను చీల్చుకుని బయటికి పోవాలి. అలాగే జరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

చల్లారాక పెట్టె వెనక్కి వెళ్లి చూశాను. చిరిగిన పొర అంచున మందంగా ఎండిన పసుపు. పొద్దున పూజ చేసి, కొత్త బండికి పూసినట్టే పెట్టె వెనకవైపంతా పూశారట.

"పాసైంది గద సార్. పసుపున్నా ఆగిందంటే ఇంకా మంచిదే గద?" అంది ఇంజనీరు స్వప్న.

"పసుపు అడ్డంబడి పొర చిరిగే తీరు మారి, దానితోనే మంట ఆగిందేమో? ఎగిరే పెట్టెకు అది ఉండదు గదమ్మా. మంట ఎందుకు ఆగిందో తెల్వకుంట సరేనని ఎట్లంట?"

"ఇంకో పెట్టె చేసేసరికి వానలు వోతయి సార్." ఆమెది జైనూరే. నాకు కష్టంగానే అనిపించింది. అయినా మళ్లీ చెయ్యమన్నాను.

మర్నాడు తిరుగు బస్సులో, ఉట్నూరు దగ్గర ఒక ముసలామె నిండు నెలల కోడలితో ఎక్కింది. లక్సెట్టిపేటలో చుట్టాలింట్లో పురుడు పోయిస్తుందట.

"వాగొస్తే మా ఊరు దాటనియ్యది బిడ్డా. గా మందుల విమానం వస్తదన్నరు, గిప్పటిదాంక రాలే."

"ఈ వానలకు రాదవ్వా. పరీక్ష సరిగ్గ కాలే. నేనే ఆపిన."

ఆమె కోప్పడలేదు. కోడలి తల తన భుజానికి ఆనించుకుంది.

"నువ్వు ఆపితివి గని, వాగును ఎవలు ఆపుతరు?"

లక్సెట్టిపేటలో వాళ్ల సంచి కిందికి అందించి, కరీంనగర్ బస్సెక్కాను. రాయపట్నం వంతెన కింద గోదావరి అంతా ఇసుకే. చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. మాకూ కాస్త పొలం ఉంది, ఏటా వాన కోసం మొగులు చూసేవాణ్ణే. ఈ ఒక్క ఏడు మాత్రం వాన ఆలస్యంగా రావాలని కోరుకున్నాను.