శనక్కాయలు ఒలిచిన గంటలు

నేను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. మొదట ఎదురుగా నిలబడి అడిగాను. తర్వాత కాగితం మీద రాసి అడిగాను. మద్రాసులో నేను చదివిన కాలేజీ దాకా పోయి గుమ్మం దగ్గర కాపు కాసి అడిగాను. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. "కూర్చో" అన్నవాళ్లు కూడా లేరు. అందుకే జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను.

కర్నూలు రాజధానిగా ఉండి, గుడారాల్లో సర్కారు కచేరీలు నడిచిన రోజులవి. మనసు చెదిరినవాళ్లతో మాట్లాడి ఊరట కలిగించే పై చదువొకటి మద్రాసులో చదువుతున్నాను. బి.ఏ. అయినవాళ్లనే అందులో చేర్చుకునేవారు. మొదటి ఏడాది పాఠాలు. రెండో ఏడాది ఏదైనా ఆసుపత్రిలో, ఒక పర్యవేక్షకుడి కింద, రోగులతో నిర్ణయించినన్ని గంటలు కూర్చోవాలి. ఆయన సరే అంటేనే పట్టా. నన్ను కర్నూలులో ఒక ఆసుపత్రికి పంపారు. అక్కడి పర్యవేక్షకుడు నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏయ్, కడపా" అనేవాడు. నా తోటి విద్యార్థికి కాఫీ తెప్పించి, నన్ను మాత్రం నిలబెట్టి మాట్లాడేవాడు. అదీ మరిచిపోలేదు.

నాకు అప్పగించింది అహోబిలం దిగువ పల్లెకు చెందిన ఒక రైతు ఇంటి కోడలిని. చిన్నపిల్లవాడైన కొడుకు పోయినప్పటి నుంచి ఆమె నోరు విప్పలేదు. తోడుగా అత్త వచ్చింది. గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, తలుపు మూసి మాట్లాడించాలన్నది మా పద్ధతి. పరాయి మగవాడి ఎదుట కుర్చీలో కూర్చోవడం ఆమె ఎరగదు. కొంగు ముఖం మీదికి లాక్కుని గోడకేసి తిరిగేది. వారాలు అలాగే గడిచాయి.

వానలు దగ్గర పడ్డాయి. విత్తనానికి శనక్కాయలు చేత్తోనే ఒలవాలి, పప్పు పగిలితే మొలక రాదు. అత్త ఊరి నుంచి మూట తెప్పించుకుని ఆసుపత్రి వసారాలో ఒలుస్తూ కూర్చుంది. కోడలూ పక్కన చేరింది.

"ఏమప్పా, అట్ల నిలబడి సూస్తాండావు? చేతులు లేవా?" అంది అత్త.

"ఉండాయమ్మా."

"యాడిది నీది?"

"వేంపల్లె పక్క."

"కడపోళ్లకు తినేది తెలుసు గాని ఒలిసేది తెలీదేమో!" అని తన మాటకు తానే నవ్వింది.

కింద కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. మా వైపు ఇంటింటా ఉండే పనే. అందరి చూపూ చేతుల మీదే ఉంటుంది, ఎవరి ముఖంలోకీ ఎవరూ చూడరు. మర్నాడూ కూర్చున్నాను. ఆ పై వారం ఒక పొద్దున కోడలు తల ఎత్తకుండానే అంది:

"దప్పి అన్న్యాడు. కడవ దించి ఇస్తా, ఉండు అంటి. ఉండల్యా. బాయికాడికి పాయ."

అత్త చేతులు ఆగిపోయాయి. నేను ఒలుస్తూనే ఉన్నాను. నేను ఆగితే ఆమె మాట కూడా ఆగిపోతుందని భయం.

అప్పుడే పర్యవేక్షకుడు వసారాలోకి వచ్చాడు. "లే" అన్నాడు. అతని వెంట గదికి పోయి, ఆమె మాట్లాడిందని చెప్పాను.

"కుర్చీలు వేయించింది ఎందుకు? శనక్కాయలు ఒలిచిన గంటలు శిక్షణ కిందికి రావు. రేపటి నుంచి నువ్వు రానక్కరలేదు."

"నా సంగతి వదిలేయండి సార్. ఆమె ఇప్పుడే నోరు విప్పింది. ఆమె దగ్గర ఎవరు కూర్చుంటారు?"

"ఇంకొకరిని పంపిస్తాను. నీకెందుకు?"

ఆమెకు ఒక్క మాట చెప్పి వస్తానన్నా ఒప్పుకోలేదు.

పట్టా రాలేదు. కడపలో గుమాస్తాగా చేరాను. మరుసటి ఏడు అహోబిలం తిరునాళ్లలో ఆ అత్త కనబడింది. బాగున్నావా అనలేదు.

"పొయ్యేటోనివి ఒగ మాట సెప్పి పోగూడదా అప్పా?" అంది.

"నా తర్వాత ఎవరొచ్చారమ్మా?"

"ఎవరొచ్చిరి? నువ్వు కూసునే తావులో అది దినామూ పిడికెడు కాయలు పెట్టి సూస్తాన్న్యాది. మూట అయిపాయ. ఇంటికి తోలకస్తిమి. ఇప్పుడు నాతో గూడా పలకదు."

పట్టా ఇవ్వనందుకు కోపం లేదని అబద్ధం చెప్పను. ఉంది, అది పోదు. కానీ నేను అడుగుతున్నది పట్టా గురించి కాదు. సార్, ఇంకొకరిని పంపిస్తానని మీరు నాతో అన్నారు. ఆమె కాయలు పెట్టి ఎదురుచూసింది. ఎవరిని పంపారు? ఇప్పటికైనా చెప్పండి.